రాణికి అరువిచ్చిన చీర

నేను ఎవరికీ వస్తువు అరువిచ్చే మనిషిని కాను. చేటైనా, జల్లెడైనా మన గడప దాటిపోతే తిరిగి వచ్చేటప్పటికి ఎంతో కొంత చెడిపోయే వస్తుంది. అలాంటి నేను ఒకే ఒక్కసారి మా అమ్మ పట్టుచీరను అరువిచ్చాను. అదీ ఒక మొగాయనకు, కట్టుకోవడానికి.

అప్పటికి నిజాం రాజ్యం పోయి పదేళ్ళు దాటింది. మా పుట్టిల్లు వికారాబాదు దగ్గర పల్లె. పెళ్ళయి తాండూరు వచ్చాను. మా ఆయన బండలు నున్నచేసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ ఆవరణలోనే ఒక మూలకు మాకు రెండు గదులు ఇచ్చారు. పొద్దంతా బండ మీద బండ రాపిడి, నీళ్ళ చప్పుడు. ఆ నీళ్ళలో రాతిపొడి కలిసి బూడిదరంగు బురదగా మారి చిన్న కాలువలో పారేది. ఎండితే పిండిలాగా లేచి ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నె మీద పడేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నేను ఏ బట్టనూ దులపకుండా కట్టలేదు.

నాకు స్నేహితులు ఇద్దరే. ఒకరు ఎదురింటి టీచరమ్మ. క్రైస్తవులు. ఎప్పుడూ తెల్లచీరే కట్టేది. ఆ దుమ్ములో ఆ తెలుపును ఎట్లా కాపాడుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకొకరు కందుల వ్యాపారం చేసే వాళ్ళ ఇంటి కోడలు. కన్నడం మాట్లాడే ఊరి నుంచి వచ్చింది. ఆమెను నేను వదినా అనేదాన్ని. ఆమె నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఒక ఏడు బంట్వారం దిక్కు నుంచి భాగోతం మేళం ఒకటి వచ్చి, బజారులో మూడు రాత్రులు ఆడింది. ఆ ఆటలో మాట తక్కువ, పాట ఎక్కువ. కథంతా పాట మీదనే నడుస్తుంది. ఆడవాళ్ళం ఎక్కడో వెనక కూర్చున్నాం. ముందున్న మొగవాళ్ళు కండ్లు తుడుచుకుంటుంటే రాణి ఏడుస్తోందని తెలిసింది గాని, పాట మా దాకా రాలేదు. మూడో రాత్రి గడిచి తెల్లవారగానే వదిన పోయి మేళం పెద్దను పట్టుకుంది.

"పెద్దయ్యా, రేపు కొడంగల్ పోతరంట గద. ఇయాల పొద్దూకక ముందే మా ఆడోళ్ళకు ఒక్క కథ ఆడిపోండ్రి. తిండి మాది."

"తెర లేకుండ, దీపాలు లేకుండ ఎట్లమ్మా?"

"ఎలుగుల ఆడితే దీపాలెందుకు? మా ముంగట మొగోళ్ళ తలకాయలు లేకుంటె చాలు."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆ రోజు కార్ఖానాకు సెలవు కాబట్టి మా ఆవరణలో ఆట అని కుదిరింది.

చిక్కు ఒక్కటే వచ్చింది. మూడో రాత్రి రాణి నేలమీద పడి పొర్లినప్పుడు, ఆమె చీర రాయికి పట్టుకుని మోకాలి దగ్గర జానెడు చినిగింది. చీర లేకపోతే రాణి లేదు. టీచరమ్మవి అన్నీ తెల్లవి. రాజు బతికుండగా రాణికి తెల్లచీర ఎట్లా కడతారు? వదిన పట్టుచీరలున్న బీరువా తాళంచెవి వాళ్ళాయన మొలతాడుకు ఉంది, ఆయన కందులు కొనడానికి ఊరు పోయాడు. మధ్యాహ్నం వదిన, రాణి వేషం కట్టే ఆయనా కలిసి మా గడప ముందుకు వచ్చారు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి ఆయనకు. మీసం గీకిన మూతి, జొన్నచేలో పనిచేసిన చేతులు.

"అక్కా, నీకాడ నారాయణపేట పట్టుచీర ఉన్నదంట. జర ఇస్తవా?" అని అడిగాడు.

నేను వదిన వంక చూశాను. ఆమె ఇంటి కప్పు వంక చూసింది.

ఆ చీర కుంకుమరంగుది, పసుపు అంచుది. మా అమ్మది. అమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె చివరిసారి మడిచి పెట్టిన మడతలోనే అది నా పెట్టెలో ఉంది. నేను ఒక్కసారి కూడా విప్పలేదు. పైనుంచి చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని, ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని, మళ్ళీ మూత వేసేదాన్ని. విప్పితే మడత పోతుంది, గాలి తగిలితే వాసన పోతుంది. ఇదంతా వాళ్ళకు చెబుతామా? "చినిగితే ఎవలిస్తరు?" అన్నాను.

"యాకవ్వా, ఎందుకే అట్లంటవు? పెట్టెల పెట్టి పూజ చేస్తున్నవా?" అంది వదిన, తన కన్నడం కలిపి. "ఉప్పు సుత పలుకులు లెక్కబెట్టి వేస్తదయ్యా ఈమె. నువ్వు గట్టిగ అడుగు."

ఆయన గట్టిగా అడగలేదు. "వద్దులే అక్కా, నీ పానం దాని మీద ఉన్నట్టుంది. చినిగిందే కుట్టుకుంట" అని వెనక్కి తిరిగాడు. గట్టిగా అడిగి ఉంటే ఇవ్వకపోదును.

"ఆగు," అన్నాను. "ఇస్త. గని కింద కూసోవద్దు. పొర్లొద్దు."

"మరి రాణి ఏడ్సుడెట్ల అక్కా?"

"నిలవడి ఏడువు."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాడు.

సాయంత్రం నాలుగు దాటాక ఆట మొదలయింది. ఆవరణ మధ్య పరిచిన బండలే రంగస్థలం. ఒక పక్క హార్మోనియం పెట్టె, మద్దెల, తాళాలు. ఇరవై మంది ఆడవాళ్ళం బండల చుట్టూ ఎంత దగ్గరగా కూర్చున్నామంటే, రాజు తిరిగినప్పుడల్లా ఆయన గజ్జెలు మా మోకాళ్ళకు తగిలేవి. వదిన ఉడికించి తెచ్చిన కందిగుగ్గిళ్ళు మా మధ్య తిరుగుతున్నాయి. "నేను కథ కోసం రాలేదమ్మా, పాట కోసం వచ్చాను" అని టీచరమ్మ అడగకుండానే రెండుసార్లు చెప్పింది.

రాణి వచ్చింది. మా అమ్మ చీర నడిచి వచ్చింది. నాకు కథ సగం దాకా ఎక్కలేదు. కుచ్చిళ్ళు నేలకు రాస్తున్నాయా, మెడమీది రంగు కొంగుకు అంటుతోందా, ఇవే చూస్తున్నాను.

రాజు మాట విని రాణి పసిబిడ్డతో అడవికి పోతుంది. అక్కడ బిడ్డ తప్పిపోతుంది. చెట్టు చెట్టునూ అడిగి, చివరికి నేలమీద పడి పొర్లి ఏడ్చే పాట అది. ఆ మేళానికి పేరు తెచ్చిందే ఆ పాట, మేము కూర్చున్నదే దాని కోసం. ఆయన పాట ఎత్తుకున్నాడు. నిలబడే పాడాడు. ఒక చేత్తో గుండె కొట్టుకుంటూ, ఇంకో చేత్తో కుచ్చిళ్ళు నేలకు తగలకుండా పైకి పట్టుకున్నాడు. మేళం పెద్ద వెనకనుంచి గొంతు కలుపుతూ కళ్ళు ఉరిమి చూశాడు. పడిపోవలసిన చరణం వచ్చింది. రాణి అటూ ఇటూ చూసి, మద్దెలాయన భుజం మీద ఉన్న తువ్వాలను లాగి, బండ మీద పరిచి, అంచులు సరిచేసి, దాని మీద మెల్లగా కూర్చుని, "ఓ నా బిడ్డా" అంది.

ముందు వదిన నవ్వింది. తరువాత అందరూ నవ్వారు. టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన పాడుతూనే ఉన్నాడు. ముఖం మీది రంగు చెమటకు గీతలు గీతలుగా దిగుతోంది. ఏడుపు చరణం పాడుతూ, పోయిన బిడ్డ కోసం అడవి దిక్కు చూడవలసిన కళ్ళు నా దిక్కే చూస్తున్నాయి. సరిగ్గా కూర్చున్నానా అక్కా అని అడుగుతున్నట్టు.

"రాణికి బిడ్డ ఫికరు లేదు," అంది వదిన నా చెవిలో. "నీ చీర ఫికరే ఉన్నది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తల దించుకుంటే, నా ముందు బండ మీద ఆ చీర కొంగు పడి ఉంది. దాని చివర ఒక మరక. పాతది. అది నాకు తెలిసిన మరకే, కాని ఎక్కడిదో ఇన్నాళ్ళూ మరిచిపోయాను, ఇప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు మా ఊళ్ళో ఇట్లాంటి ఆటే చూస్తూ, అమ్మ మట్టిలో చతికిలబడి, ఆ కొంగుతోనే కళ్ళూ ముక్కూ తుడుచుకుంది. కాటుక, పసుపు, అన్నీ దానికే అంటుకున్నాయి. "చీర పాడయితదే అమ్మా" అంటే, "నోరు మూసుకోని ఇను" అని నా నెత్తిన ఒక్కటి వేసింది. చీర గురించి భయం మా అమ్మకు లేదు. అది నేను పెట్టుకున్నది.

"పొర్లు తమ్మీ!" అన్నాను. గొంతు అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. హార్మోనియం ఆగింది. "ఆ తువ్వాల తీసెయ్యి. ఒట్టు నేనే తీస్తున్న. బిడ్డ తప్పిపోయింది నీకు, చీర సంగతి నీకెందుకు? పొర్లు!"

ఆయన లేచాడు. తువ్వాలను దూరంగా విసిరాడు. పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, పడవలసిన చోట నిజంగా పడ్డాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ గొంతు అంత దగ్గరనుంచి విన్నాం, మా ఒళ్ళో ఏడ్చినట్టే ఉంది. వదిన చేతిలో గుగ్గిళ్ళు చేతిలోనే ఉండిపోయాయి. పాట కోసం మాత్రమే వచ్చిన టీచరమ్మ తెల్లకొంగు ముఖం మీద కప్పుకుంది. నేను కూడా ఏడ్చాను. అమ్మ పోయిన రోజు ఇంటినిండా చుట్టాలు, వంటలు, పనులు. ఆ రోజు కుదరలేదు.

ఆయన పొర్లి పొర్లి బండ దాటి, పక్కనే ఉన్న రాతిబురద కాలువలోకి పోయాడు. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు బిడ్డ దొరికింది, ఆట ముగిసింది. ఆ మేళంలో ఒక కట్టడి ఉంది. రాణి కట్టిన చీర ఒట్టిగా తిరిగి రాకూడదు. కొంగున గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము ముడివేసి, తల్లి ఒళ్ళో బిడ్డను పెట్టినట్టు ఇచ్చినామె ఒళ్ళో పెట్టాలి. ఆయన రంగు కడుక్కుని, పంచె కట్టుకుని వచ్చి అట్లాగే పెట్టాడు. సగం చీర బూడిదరంగులో తడిసి ఉంది.

"ఉతికి తెస్తుంటి అక్కా."

"వద్దు. నీ చేతికి పట్టు ఉతుకుడు ఏం తెలుసు? ఇంకింత పాడు చేస్తవు."

"మడత కూడ పెట్టలే. నాకు రాదు."

"నాకూ రాదు" అన్నాను. నిజమే, ఆ చీర మడత ఎప్పుడూ నేను వేయలేదు.

మరునాడు కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరేశాక, నేనూ వదినా చెరొక కొస పట్టుకుని దులిపాం. రాతిపొడి లేచి ఇద్దరికీ తుమ్ములు వచ్చాయి. వదిన తుమ్ముల మధ్య రాణి పాట పాడింది, ఒక్క స్వరం కుదరలేదు. అమ్మ వాసన పోయింది, కుంకుడు వాసన మిగిలింది. మోకాలి దగ్గర బూడిద మరక మాత్రం పోలేదు. కొంగున అమ్మ మరక, కింద రాణి మరక.

రెండేళ్ళకు ఆ మేళం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మా ఆవరణలోనే, పొద్దూకక ముందే, ఆడవాళ్ళకే ఆట. ఈసారి వదిన తాళంచెవి ముందే దాచుకుంది. ఆమె పచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చిన రాణి, నన్ను చూసి పాట మధ్యలో నవ్వు ఆపుకుంది. అమ్మ చీర నేను కట్టుకున్నాను.

"చాప తెస్తనుండు," అంది వదిన.

"ఎందుకు? బండ ఉన్నది గద," అని ఆ చీరతోనే బండ మీద కూర్చున్నాను. కూర్చునే ముందు చేత్తో ఒకసారి దులిపాను, అది వేరే సంగతి.