తాకరాని స్విచ్చి

ఒక క్రిస్మస్ సాయంత్రం, కోయంబత్తూరులోని మా మిల్లు కాలనీ చర్చిలో, నిండు సభలో మా ఇంటి పరువు తీశాను. ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో తీశాను. ఎలాగో చెబుతాను, మీరు మొహమాటం లేకుండా నవ్వుకోండి.

అప్పుడు నేను మిల్లులో ఎలక్ట్రీషియన్ని. రెండేళ్ల అనుభవం, ఇరవై ఏళ్ల గర్వం. మా తమ్ముడు యోహాను ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకున్నాడు. మా నాయనకు అది బొత్తిగా గిట్టదు.

"ఈ క్రిస్మస్‌కి చర్చిలో వాయించు. నలుగురూ ఇంటే సరి. లేదా దాన్ని అమ్మేసి నువ్వూ మిల్లు వేలకు రా" అని తేల్చేశాడు. మా ఇళ్లలో వేల అంటే ఉద్యోగం.

ఆంప్లిఫయరు లేకపోతే ఆ గిటారు దోమకంటే చిన్నగా పాడుతుంది. కొత్తది కొనే తాహతు మాకు లేదు. పక్క ఊరు సూలూరులో ఒకాయన దగ్గర చెడిపోయింది ఉందంటే పరుగెత్తాను.

"సత్తమే రాదు తంబీ, యోసించి తీసుకో" అన్నాడాయన, సత్తమంటే శబ్దం.

"నేను మిల్లు ఎలక్ట్రీషియన్నండీ" అన్నాను, పెద్ద డాక్టరు రోగి బంధువులకు ధైర్యం చెప్పినట్టు.

ఇంటికి తెచ్చి విప్పితే లోపల ఒక తీగ ఊడి ఉంది. అతికించి పవర్ స్విచ్చి వేశాను. గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి గానీ శబ్దం లేదు. పక్కన ఇంకో స్విచ్చి, దాని కింద ఇంగ్లీషులో 'స్టాండ్‌బై' అని ఉంది.

మా మిల్లులో స్టాండ్‌బై అంటే, అసలు మోటారు కాలిపోతే వాడటానికి దాచిపెట్టిన మోటారు. ఇంజనీరు చెప్పకుండా దాని స్విచ్చి తాకినవాడు మర్నాడు గేటు బయట ఉంటాడు. అందుకని దుమ్ము తుడిచేటప్పుడు కూడా ఆ స్విచ్చిని వదిలి చుట్టూ తుడిచాను. మిగతావన్నీ వారం రోజులపాటు విప్పాను, మార్చాను, మళ్లీ బిగించాను.

"అన్నా, ఆ రెండోది ఏసి చూస్తామా?" అన్నాడు యోహాను.

"అది స్పేరురా. నీకు తెలీదు, సుమ్మా ఉండు" అని వాడి నోరు మూయించాను.

వాడు నమ్మాడు. తమ్ముళ్లకు అదొక జబ్బు. పండగ రోజుకీ పెట్టె పలకలేదు. "మనింట్లో వోల్టేజి తక్కువ, చర్చిలో పలుకుతాది" అని వాడికి చెప్పి, నేనూ నమ్మేశాను.

చర్చి నిండిపోయింది. యోహాను వేదికెక్కి తీగలు మీటాడు. ఏమీ వినిపించలేదు. మళ్లీ మీటాడు. నా వంక చూశాడు. నేను పెట్టె మీద శబ్దం పెంచే నాబులన్నీ చివరిదాకా తిప్పేశాను. నాయన లేచి, "చాలు, దిగు" అన్నాడు. వాడు గిటారు పట్టీ భుజం మీంచి తీయబోయాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు ముందు వరసలోంచి మా అవ్వ వేదికెక్కింది. మిల్లులో నూలు చుట్టి చుట్టి, చివరికి ఇంటిపట్టున కూర్చున్న మనిషి.

"ఏమిరా, ఈ సుచ్చి ఎందుకు ఏయలేదు?"

"అది స్టాండ్‌బై అవ్వా! తాకరాదు!"

"తాకితే ఏమయితాది?"

"వేల పోతాది!"

"నా వేల పోయి పదేండ్లాయె, పోరా!" అని టక్కున వేసేసింది.

పెట్టె పెట్టిన కేకకు పాస్టరుగారి కళ్లజోడు జారిపోయింది. వాల్వులు వేడెక్కేదాకా శబ్దాన్ని ఆపి ఉంచే స్విచ్చి అదని తరవాతెప్పుడో తెలిసింది. అంటే తీగ అతికించిన మొదటి రోజే పెట్టె బాగైపోయింది. మిగతా వారమంతా నేను దాన్ని హింసించానంతే.

యోహాను వాయించాడు. నాయన మెల్లగా కూర్చున్నాడు. పాట అయ్యాక, "ఇంకొకటి వాయించు" అన్నాడు. గిటారు అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

అవ్వకు ఇంగ్లీషు చదవడం రానందుకు ఈనాటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. వచ్చి ఉంటే ఆ రోజు భయపడేవాళ్లం ఇద్దరమయ్యేవాళ్లం. అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చెడిపోయిన వస్తువు ఇక జన్మలో కొనను. కొన్నా విప్పను. విప్పినా, ఉన్న స్విచ్చులన్నీ వేసి చూడందే విప్పను.