తెర మీంచి రాలిన పేర్లు

పాత కంప్యూటరు వేడెక్కినప్పుడు కాలిన దుమ్ము వాసన ఒకటి వస్తుంది. మొన్న మా ఆఫీసులో మూలనున్న యంత్రాన్ని ఆన్ చేయగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. తెర మీద ఒక ప్రకటన కనిపించింది. ఈ సిస్టమ్‌కు త్వరలో కంపెనీ మద్దతు ఆగిపోతుందట, ఆ తరువాత వైరస్‌ల నుంచి రక్షణ ఉండదట. పక్క సీటు అమ్మాయి దాన్ని చదవకుండానే మూసేసింది. నేను మాత్రం దాన్ని మళ్లీ తెరిచి చదివాను. సత్యవతి మేడం గుర్తొచ్చారు.

ఎనభైల చివర్లో హనుమకొండలోని ఒక ప్రైవేటు దవాఖానాలో రికార్డు గది ఆమెదే. నేను ఆమె కింద కొత్తగా చేరిన ఆపరేటరును. నలభై అయిదేళ్లు దాటాక కంప్యూటరు నేర్చుకున్న మనిషి ఆమె. కీబోర్డు మీద రెండే వేళ్లు వాడేవారు, కానీ ఒక్క తప్పూ దొర్లేది కాదు. రక్తదాతల పేర్లు, గ్రూపులు, చిరునామాలు రాసిన రిజిస్టరు ఒక వానకాలం తడిసి ముద్దయితే, ఆ తరువాత దవాఖానా వాళ్లు ఒక కంప్యూటరు కొన్నారు. దానికి హార్డ్ డిస్కు లేదు. సిస్టమూ, జాబితా అన్నీ ఫ్లాపీల మీదే. ప్రతి శనివారం మేడం వాటికి నకలు తీసి, తేదీ రాసి, బిస్కెట్ల డబ్బాలో దాచేవారు.

నేను చేరిన ఏడాదే ఆ కంప్యూటరు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక మీదట ఈ రకం సిస్టమ్ బాధ్యత తమది కాదని రాశారు. అప్పటికే వైరస్‌ల మాట అక్కడక్కడా వినబడుతోంది. మేడం హైదరాబాదు నుంచి యాంటీవైరస్ ఫ్లాపీ తెప్పించారు. పెట్టి చూస్తే, ఇంత పాత సిస్టమ్ మీద పనిచేయనని ఒక్క వాక్యం చూపించి ఆగిపోయింది. ఆమె దాన్ని తీసి కవరులో పెట్టి నావైపు తిరిగారు.

"ఇగ దీనికి కావలి మనమే, పద్మా. బయటి ఫ్లాపీ ఒక్కటి గూడ లోపల పెట్టొద్దు. యాదికుంచుకో."

"సరే మేడం" అన్నాను.

రెండు వారాలు కూడా ఆగలేదు. ఒక బుధవారం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, నేను సాయంత్రాలు వెళ్లే ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చుకున్న ఆటల ఫ్లాపీ పెట్టాను. పావుగంట ఆడి, తీసి బ్యాగులో వేసుకున్నాను. ఏమీ కాలేదు.

తరువాతి సోమవారం మిట్టమధ్యాహ్నం జాబితా తెరిచి కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. వరుస మధ్యలో ఒక అక్షరం కదిలింది. కళ్లు నులుముకున్నాను. అది మెల్లగా జారి తెర అడుగున పడింది. టిక్‌మని చిన్న చప్పుడు. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే పేర్లు విడిపోయి, రాలి, అడుగున చిన్న కుప్ప అయ్యాయి. నేనూ రక్తం ఇచ్చినదాన్నే, ఆ జాబితాలో నా పేరూ ఉంది. అందులోని ఒక్కొక్క అక్షరం ఊడి పడుతుంటే ఎవరో వెనక నిలబడి నన్ను తుడిచేస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూశాను. గదిలో ఎవరూ లేరు.

మేడం వచ్చి చూసి, స్విచ్ ఆపేశారు. మొన్నటి శనివారం నకలు పెట్టారు. కాసేపు బాగానే ఉండి అదీ రాలిపోయింది. డబ్బాలోంచి మరో ఫ్లాపీ తీయబోయి ఆగిపోయారు.

"ఇది ఎన్నడు సొచ్చిందో తెలువకుంట పెడ్తే మంచియి గూడ ఖరాబైతయి." తరువాత నా ముఖంలోకి చూశారు. "ఎవరన్న బయటిది పెట్టిండ్రా?"

తల అడ్డంగా ఊపాను. అందరినీ అలాగే అడిగారు, అందరూ అలాగే ఊపారు. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త సిస్టమ్ కొనుక్కోమన్నారు. గది ఊడ్చే ఐలమ్మ గడప దాటి రానంది. "దానికి గాలి సోకింది బిడ్డా. లేకుంటె పేర్లు ఎందుకు రాల్తయి?" అని తలుపుకు నిమ్మకాయ కట్టింది. ఆర్పేసిన తెరలో నా ముఖం కనిపించినప్పుడల్లా, ఆ పెదవులు ఏదో చెప్పబోతున్నట్టు ఉండేది. సోమవారం, మంగళవారం అలాగే గడిచాయి.

బుధవారం పొద్దున వర్ధన్నపేట దిక్కు నుంచి ఒక బాలింతను తెచ్చారు. రక్తం ఆగడం లేదు. కావలసింది ఓ నెగెటివ్. మా దగ్గర లేదు, అడిగిన చోటల్లా లేదన్నారు. మేడం కాగితం, పెన్ను తీసుకుని యంత్రం ఆన్ చేశారు.

"రాలేలోపట ఎంత దొరికితే అంత చదువు. నేను రాస్త."

నేను వెతుకుతూ చదువుతుంటే చప్పుడు మొదలైంది. పై వరుసలు విడిపోతున్నాయి. "యాదగిరి, ఓ నెగెటివ్, కాజీపేట, రైల్వే క్వార్టర్స్, నంబరు..." అనేసరికి అంకెలు నా కళ్ల ముందే కిందికి జారిపోయాయి.

"నంబరు?" అన్నారు మేడం.

"పడిపోయింది మేడం."

ఆటోలో కాజీపేటకు నన్నే పంపారు. ఒకే రకం ఇళ్లు, ఒకే రంగు తలుపులు. తలుపు తలుపూ తట్టాను. "యాదగిరన్న ఇల్లు ఇదేనా?" అంటే కాదనేవాళ్లు. గంటకు పైగా తిరిగాను. ప్రతి మూసిన తలుపు దగ్గరా, ఈపాటికి ఆమె పోయి ఉంటుందనుకున్నాను. చివరికి ఒక తలుపు వెనక నుంచి, డ్యూటీ దిగి పడుకున్న మనిషి లేచి వచ్చాడు. సంగతి విని, "పా అక్కా, పోదాం" అని అంగీ గుండీలు దారిలోనే పెట్టుకున్నాడు.

ఆమె బతికింది. సాయంత్రం ఆ మాట తెలిశాక మేడం రికార్డు గదిలో బల్ల మీద తల వాల్చారు. నేను గోడకు ఆనుకుని నిలబడే చెప్పాను. ఆట, ఫ్లాపీ, పావుగంట, అన్నీ.

ఆమె తల ఎత్తారు. ఎందుకు అని అడగలేదు. "ఏ దినం?" అన్నారు.

"పోయిన బుధవారం."

లేచి డబ్బా తెరిచి, ఆ బుధవారానికి ముందటి శనివారం ఫ్లాపీ తీసి పెట్టారు. జాబితా వచ్చింది. ఇద్దరం గంటసేపు దాని ఎదుట కూర్చున్నాం. ఒక్క అక్షరం కదలలేదు.

"మొన్న చెప్తే మొన్ననే అయిపోతుండె" అన్నారు మేడం. "ఆమెను గంటలకు గంటలు అట్ల పండబెట్టేది లేకుండె." నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి పని చెడిందని ఎవరొచ్చినా ఆమె మొదట అడిగేది ఏ దినం అనే. నేనూ ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లను అదే అడుగుతాను.

మూడు నెలలకు ఆ బాలింత బిడ్డకు సూది వేయించడానికి వచ్చింది. ఎవరో చూపించారు కాబోలు, నేరుగా నా దగ్గరికి వచ్చింది. "ఇల్లిల్లు తిరిగి రక్తమిచ్చిన అన్నను తోల్కచ్చింది మీరేనట గదా అక్కా" అని బిడ్డను నా ఒళ్లో పెట్టి రెండు చేతులూ జోడించింది. బిడ్డ వెచ్చగా, బరువుగా ఉంది. మేడం అవతలి బల్ల నుంచి నన్ను చూస్తున్నారు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

నేను చెప్పలేదు. బిడ్డ బాగుందని మాత్రం అన్నాను.