అల్లం రసం తేరేలోపు

అల్లం రసం పిండిన వెంటనే ఇవ్వకూడదు. గ్లాసులో పోసి కదపకుండా పావుగంట ఉంచితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. ఆ మడ్డి కడుపుకు మంచిది కాదని గుడివాడలో మా అమ్మ చెప్పింది. పైన తేరిన రసాన్ని వేరే గ్లాసులోకి వంచుకుని, చెంచాడు రసానికి చెంచాడు తేనె కలపాలి. నేను ఏ రోజూ పావుగంటకు తగ్గించలేదు. గడియారం చూసి ఇచ్చేదాన్ని.

పెళ్లయి బందరు వచ్చాక ఒక నోటుపుస్తకం పెట్టాను. గీతలు కొట్టి నాలుగు గళ్లు చేశాను. తేదీ, ఎవరికి, ఎంత, గుణం. జలుబుకు అల్లం టీ. ఆకలి లేకపోతే భోజనానికి ముందు ఉప్పద్దిన అల్లం ముక్క. తలనొప్పికి శొంఠి అరగదీసి నుదుటిన పట్టు. బాలింతకు మొదటి ముద్దలో శొంఠి పొడి, నెయ్యి. బస్సులో కడుపు తిప్పేవాళ్లకు దవడన పెట్టుకోవడానికి చిన్న ముక్క. చివరి గడిలో ‘తగ్గింది’ అనో ‘తగ్గలేదు’ అనో రాసేదాన్ని. తగ్గనివి దాచలేదు. తొంభై ఎనిమిది నాటికి మూడో పుస్తకం నడుస్తోంది.

మా ఇల్లు గిలకలదిండి వెళ్లే దారిలో ఉండేది. హార్బరు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ రోజూ మా అరుగు మీద గంప దించి కాసేపు కూర్చునేది. “పిన్నిగారూ, మీ దగ్గరకొస్తే దగ్గు కూడా టైము ప్రకారం తగ్గాలండీ” అనేది.

ఆ ఏడాది ఆగస్టులో ఒక పొద్దున, ఎనిమిది నలభైకి, మా ఆయన గుండెల మీద బరువుగా ఉందన్నారు. ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా ఆయన. డ్యూటీకి బయల్దేరబోతూ రెండు పెసరట్లు తిన్నారు. మా వైపు ఛాతీలో నొప్పి అంటే ముందు అందరికీ గుర్తొచ్చేది గ్యాసే.

“గ్యాసు పట్టేసింది. కాస్త అల్లం రసం ఇయ్యి” అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

అల్లం కడిగి, చెక్కు తీసి, తురిమి, గుడ్డలో పిండేసరికి ఎనిమిది యాభై. గ్లాసు కిటికీలో పెట్టాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చొక్కా గుండీలు విప్పుకున్నారు. చేపలావిడ గంప దించి లోపలికి తొంగి చూసింది.

“బాబాయిగారికి ఆ చెమటేంటండీ? ఫ్యాను తిరుగుతూనే ఉందిగా.”

“గ్యాసు. రసం తేరాలి. ఇంకా తొమ్మిది నిమిషాలుంది.”

“తేరేదేంటండీ, అట్టాగే పోసేయండి.”

“మడ్డితో ఇవ్వకూడదు.”

తొమ్మిది అయిదుకు ఇచ్చాను. ఒక తేనుపు వచ్చింది. తగ్గుతుందిలే అన్నారు. తగ్గలేదు. రెండో మోతాదుకు అరగంట ఆగాలన్నది నా లెక్క. తొమ్మిది ముప్పై అయిదుకు మళ్లీ పిండాను. అదీ పావుగంట తేరనిచ్చాను. పది గంటలకు ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. అప్పుడు రిక్షా పిలిచాను. ఆస్పత్రికి చేరేసరికి పదిన్నర.

“నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?” అని డాక్టరుగారు అడిగారు.

“ఎనిమిది నలభైకి.”

“గంటా యాభై నిమిషాలు. ఇంట్లో ఏం చేశారు?”

“అల్లం రసం ఇచ్చాను. రెండుసార్లు.”

ఆయన తలెత్తలేదు, రాసుకుంటూనే ఉన్నారు. “మొదటి గంటలో తెచ్చుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదు” అన్నారు. నేను తలూపాను. ఏడుపు రాలేదు. మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను.

ఆయన బతికారు. పదమూడో రోజున ఇంటికి వచ్చాం. ఉద్యోగం మానేశారు. గుమ్మం నుంచి వీధి కుళాయి దాకా నడిస్తే ఆయాసం. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి అల్లం రసం వద్దని, కూరలో వేసేది ఫరవాలేదని డాక్టరుగారు చెప్పారు. అలాగే చేశాను. పుస్తకంలో ఆ తేదీ వేసి, ‘ఆయనకు, రెండు చెంచాలు’ అని రాశాను. గుణం గడి ఖాళీగా వదిలేశాను.

ఆయన అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేవారు. “ఈవిడ టైముకి అల్లం రసం పోసింది కాబట్టి ఆస్పత్రి దాకా నిలబడ్డాను.” నేను లోపల బియ్యం ఏరుతూ వినేదాన్ని. డాక్టరుగారి మాట ఆయనకు చెప్పలేదు. ఏడాదిన్నర చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం ఫిబ్రవరిలో ఒక పొద్దున చేపలావిడ గంప లేకుండా వచ్చింది.

“పిన్నిగారూ, మా ఆయనకి గుండెల్లో పట్టేసిందండీ. ఒళ్లంతా చెమటలు. బాబాయిగారికిచ్చిన అల్లం రసం రెండు చెంచాలు పిండివ్వండి.”

“పిండు, తొందరగా పిండు” అన్నారు ఆయన కుర్చీలోంచి.

గడియారం చూశాను. ఏడు ఇరవై.

“రసం లేదు. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లు.”

“బాబాయిగారికి దాంతోనే తగ్గింది కదండీ?”

“తగ్గలేదు. నేను గంటా యాభై నిమిషాలు ఇంట్లో ఉంచేశాను. ముందే తెచ్చుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదని డాక్టరుగారు చెప్పారు. నువ్వు కూర్చోకు, వెళ్లు.”

ఆవిడ వెళ్లింది. ఆమె భర్త రెండు నెలలకు హార్బరులో కూర్చుని వలలు బాగుచేసుకోగలిగాడు.

మా ఆయన ఆ పూట కాఫీ పూర్తిగా తాగారు. గ్లాసు కింద పెట్టి అడిగారు.

“పుస్తకంలో రాశావా అది?”

“రాశాను. గుణం రాయలేదు.”

“తగ్గలేదని రాయి. మిగతావాళ్లకి అట్టాగే రాశావుగా.”

పుస్తకం తెచ్చి ఆయన ముందే రాశాను. పెన్నుకు మూత పెట్టి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి కడిగాను.