పైడమ్మ చదివించుకున్న బోర్డు

1968 వేసవి. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు డిస్పెన్సరీలో నేను కాంపౌండర్‌ని. మాది కోటబొమ్మాళి. డిస్పెన్సరీ అంటే ఏదో ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక స్టూలు, నాలుగు టింక్చర్ సీసాలు, కట్టుగుడ్డలు. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. మిగతా రోజుల్లో డాక్టరూ నేనే, నర్సూ నేనే, గది ఊడ్చేదీ నేనే.

బల్ల సొరుగులో ఒక రబ్బరు స్టాంపు ఉండేది. దాని మీద ‘కార్మికుని నిర్లక్ష్యము వలన’ అని అక్షరాలు. నాకు ముందు పనిచేసినాయన రాసి రాసి చెయ్యి నొప్పెట్టి చేయించాడట. మిల్లులో ఎవరికి దెబ్బ తగిలినా యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. అందులో ‘కారణము’ అని ఒక గడి. కట్టు కట్టడం, ఆ గడిలో స్టాంపు కొట్టడం, ఇదీ వరస. నాలుగేళ్ళు నేనూ కొట్టాను. ఒక్కనాడూ తప్పనిపించలేదు. పనికి అలవాటు పడ్డాక మనిషికి కళ్ళు చేతుల్లోకి దిగిపోతాయి కాబోలు.

ఈ కథ కార్డింగ్ విభాగంలో మొదలైంది. కార్డింగ్ మెషిన్ అంటే గోగునారను దువ్వే యంత్రం. పెద్ద పెద్ద రోలర్లు, వాటి నిండా ఇనపముళ్ళు. ఒక పక్క ఆడవాళ్ళు నార అందిస్తుంటారు, ఇంకోపక్క అది మెత్తటి పట్టీలా బయటికొస్తుంది. గంటకోసారైనా రోలర్‌కి నార చుట్టుకుపోతుంది. దాన్ని లాగి పడెయ్యాలి. యంత్రం ఆపి లాగాలని నియమం. ఆపకుండానే లాగడం ఆచారం. ఆపితే ఆ పూట తియ్యాల్సిన సరుకు తగ్గుతుంది, సూపర్‌వైజర్ కేకలేస్తాడు.

ఆ రోజు పొద్దుటి షిఫ్టులో అలా లాగుతుండగా మెషిన్ మీద పనిచేసే సింహాచలం కుడిచెయ్యి రోలర్లో ఇరుక్కుంది. మూడు వేళ్ళు పోయాయి. కట్టుకట్టి పెద్దాసుపత్రికి పంపాను. పంపి, చేతులు కడుక్కుని, రిజిస్టర్ తీసి స్టాంపు కొట్టాను. రోజూ కొట్టినట్టే.

అతను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఛార్జిషీటు సిద్ధంగా ఉంది. ఛార్జిషీటంటే యాజమాన్యం కార్మికుడి మీద రాసే నేరారోపణ. భద్రతా నియమం ఉల్లంఘించినందుకు నిన్ను పనిలోంచి ఎందుకు తియ్యకూడదో చెప్పమని. సాక్ష్యంగా నా రిజిస్టర్ పేజీ నకలు, దాని మీద నా స్టాంపు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా పోయిన వేళ్ళదే అయింది.

సింహాచలం కట్టు మార్పించుకోడానికి నా దగ్గరికి వచ్చిన రోజున యూనియన్ సెక్రటరీగారు కూడా వచ్చారు. పట్నంలో ప్లీడరు, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆ యూనియన్‌ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నా డిస్పెన్సరీ కూడా ఒకప్పుడు వాళ్ళు గేటు ముందు ఎండలో కూర్చుని సాధించినదే. తరవాత యాజమాన్యం వాళ్ళని ‘రికగ్నైజ్డ్ యూనియన్’ చేసింది, అంటే మిల్లు ఇక ఆ యూనియన్‌తోనే మాట్లాడుతుంది. గుర్తింపు ఇచ్చినవాడు వెనక్కి తీసుకోనూగలడు. ఆ భయంతో సెక్రటరీగారు కార్మికుల మాట మేనేజరుకి చెప్పడం మానేసి, మేనేజరు మాట కార్మికులకి చెప్పడం మొదలెట్టారు. కంచే చేను మేసిందంటే ఇదే.

“తప్పు ఒప్పుకుని వేలిముద్ర వేసెయ్యి సింహాచలం. మేనేజరుగారితో మాట్లాడి మర్యాదగా పంపించేలా చూస్తాను,” అన్నారాయన.

సింహాచలంతో కూడా వచ్చిన పైడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అతను పనిచేసే మెషిన్‌కి నార అందించే మనిషి, నలభై దాటి ఉంటాయి. అతను ఆమెను అక్క వరస కలిపి అప్పా అని పిలిచేవాడు.

“పని తీసేసినాక మర్యాద ఏటి సేసుకుంటాడు బాబూ? గంజిలో నంజుకుంటాడేటి?” అంది.

సెక్రటరీగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. పైడమ్మ నావైపు తిరిగింది.

“కంపౌండరు బాబూ, నువ్వేటి రాసినావు?”

చెప్పాను.

“నువ్వొచ్చి సూసినావేటి?”

“లేదు.”

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “సర్లే. మా మెషిన్ల కాడ గోడమీద బోర్డు ఉన్నాది కదా, దాని మీద ఏటున్నాదో సదివి సెప్పు,” అంది.

ఆమె వెంట కార్డింగ్‌లోకి వెళ్ళాను. దుమ్ము పట్టిన రేకు బోర్డు. ‘యంత్రము నడుచుచుండగా శుభ్రము చేయరాదు. ఆపిన పిదప మాత్రమే చేయవలెను.’ చదివాను. “మళ్ళీ సదువు,” అంది. మూడుసార్లు చదివించుకుంది. పెదాలు కదుపుతూ మంత్రంలా నేర్చుకుంది.

మర్నాడు పొద్దున్నే రోలర్‌కి నార చుట్టుకోగానే పైడమ్మ మెషిన్ ఆపించింది. శుభ్రం చేశాక మళ్ళీ నడిపించింది. పక్క మెషిన్ వాళ్ళూ అంతే, ఆ పక్కవాళ్ళూ అంతే. ఒకరూ పని మానలేదు, ఒకరూ నినాదం ఇవ్వలేదు. మధ్యాహ్నానికి దారం తీసే స్పిన్నింగ్‌కి నార చాల్లేదు. రెండో రోజుకి సగం మగ్గాలు ఆగాయి.

సెక్రటరీగారు పరుగున వచ్చారు. “నోటీసు లేకుండా సమ్మె చట్టవిరుద్ధం! నాకు చెప్పకుండా ఎవరు చెయ్యమన్నారు?”

“సమ్మె ఏటి బాబూ? పని సేస్తన్నాం కదా. బోర్డు సెప్పినట్టే సేస్తన్నాం.”

అసలు కష్టం వేరేచోట ఎదురైంది. మగ్గాలవాళ్ళకి నేసినకొద్దీ కూలి. మగ్గం ఆగితే వాళ్ళ కడుపు మీద కొట్టినట్టే. పదిమంది కోపంగా కార్డింగ్ మీదకి వచ్చారు. పైడమ్మ వాళ్ళతో వాదించలేదు. గేటు బయట కూర్చున్న సింహాచలం దగ్గరికి తీసుకెళ్ళి, “ఆడి సెయ్యి సూసి, నానేటి సెయ్యాలో మీరే సెప్పండి. మీరొద్దంటే రేపట్నుంచి నడస్తన్న రోలర్లోనే సెయ్యెడతాను,” అంది. వాళ్ళు ఆ చేతి కట్టు చూశారు. వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పది అడుగులు వాళ్ళకి ఎంత బరువో నాకు తెలుసు. ఇంటి దగ్గర పొయ్యి వాళ్ళకీ ఉంది. వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మూడో రోజు మేనేజరుగారే కార్డింగ్‌లోకి వచ్చారు.

“ఇదివరకు ఎలా చేసేవారో అలాగే చెయ్యండి. ఇది నా ఆర్డరు.”

“అలాగే బాబూ. ఆ ముక్కే కాయితం మీద రాసియ్యి. మెషిన్ నడస్తుండగానే సెయ్యి ఎట్టండని. రాసిచ్చినావంటే ఇప్పుడే ఎడతాం.”

ఆయన జేబులో పెన్ను ఉంది. తియ్యలేదు. పైడమ్మ చెయ్యి చాచి కాగితం కోసం అలాగే నిలబడింది. మిల్లులో చేరాక నేను చూసిన అతి పెద్ద దృశ్యం అదే. అక్షరం రాని ఆడమనిషి అడిగితే, అంత చదువుకున్నాయన ఒక్క వాక్యం రాయలేకపోవడమే ఆమె గెలుపు.

ఆ సాయంత్రం సింహాచలం ఛార్జిషీటు విచారణకి నన్నూ పిలిచారు. రిజిస్టర్ ముందు పెట్టి, ఈ స్టాంపు మీరే వేశారా అన్నారు. “నేనే వేశాను. చూడకుండా వేశాను. నాలుగేళ్ళుగా అందరికీ చూడకుండానే వేస్తున్నాను,” అన్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను ఒప్పుకున్నాను. మేనేజరుగారు రిజిస్టర్ మూసేశారు.

ఛార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. సింహాచలానికి గేటు దగ్గర పని ఇచ్చారు. కార్డింగ్‌లో వరసకొక మనిషిని అదనంగా వేసి, మెషిన్ ఆపే శుభ్రం చెయ్యమన్నారు. సెక్రటరీగారు గేటు మీటింగ్ పెట్టి అదంతా తమ చర్చల ఫలితమని గంటసేపు చెప్పారు. పైడమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

“చప్పట్లు కూడానా?” అన్నాను.

“కొడితే మనకేటి పోయింది బాబూ? జెండా మనది, సెక్రటరీ కోసం దాన్ని ఒగ్గేసుకుంటామేటి? ఇంతమంది ముందు సెప్పీసినాడు కదా, రేపు కాదన్లేడు.”

యజమాని బలమంతా డబ్బులో ఉందని అనుకునేవాణ్ణి. కాదు. ఏది నియమమో, ఏది నిర్లక్ష్యమో చెప్పే హక్కులో ఉంది. ఆ హక్కుకి నాలాంటి చిన్న ఉద్యోగులే చేతులు. యూనియన్ బలం కూడా సెక్రటరీ సంచిలో లేదు. కూలి పోతుందని తెలిసీ వెనక్కి నడిచిన ఆ నేతగాళ్ళ అడుగుల్లో ఉంది. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, పైడమ్మ నేర్పింది.

రెండు నెలలకి ఆమే డిస్పెన్సరీకి వచ్చింది. నార మోపుకి కట్టిన ఇనపపట్టీ విప్పుతుంటే బొటనవేలు తెగింది. కడిగి కట్టు కట్టాను. రిజిస్టర్ తీశాను. సొరుగు వైపు చెయ్యి పోలేదు. స్టూలు మీంచి ఆమె నా చెయ్యే చూస్తోంది.

“ఇప్పుడేటి రాస్తావు బాబూ?”

ముందు మోపు దగ్గరికి వెళ్ళి ఆ పట్టీ చూసొచ్చాను. తరవాత పెన్ను తీసి రాశాను. ‘పట్టీ కోసే కత్తెర ఇవ్వనందున.’ రాసింది పైకి చదివి వినిపించాను.

పైడమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

“మళ్ళీ సదువు,” అంది.