ఎడమ కాలికి పని లేని బండి

కె.ఆర్.పురం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. మొక్కలు, కుండీలు, ఎర్రమట్టి బస్తాలు పికప్‌లో వేసుకుని బెళ్ళందూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అపార్ట్‌మెంట్లలో దింపి రావడం మా పని. బండి మా ఆయనది, బేరం నాది. గేటు దగ్గర బండి ఆగగానే నేను దిగి, లిఫ్టులో పైకి పోయి, బాల్కనీలో ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చూపిస్తాను. కూలీలు మోస్తారు. ఆయన మాత్రం సీటు దిగేవాడు కాదు. ‘మా మహారాజు పల్లకీ దిగడు’ అని అందరి ముందూ ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పోయినేడు ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ఎక్కుతూ పాత బండి క్లచ్ ప్లేటు మళ్ళీ కాలిపోయింది. ఇక కొత్తది కొనక తప్పదనుకున్నాం. అదే వారం ఒక పొద్దున ఆయన మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఎడమ మోకాలు బాగా అరిగిందని డాక్టరు చెప్పాడు. క్లచ్ తొక్కడం మానకపోతే ఏడాది తిరిగేలోపు బండి నడపడమే మానాల్సి వస్తుందన్నాడు. ముప్పై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టిన మనిషి. అది తీసేస్తే ఆయన ఎలా బతుకుతాడో నాకు ఊహకు అందలేదు.

ఆటోమేటిక్ కొందామన్నాను.

“గేరు లేని బండి బండేనా? అది ఆఫీసులకు పోయేటోళ్ళకు. మట్టి మోసేదానికి కాదు” అన్నాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం ఆయన. నేనేం తక్కువ దాన్ని కాదు. మా మెకానిక్‌ను ఇంటికి పిలిపించి, కాఫీ ఇచ్చి, ఆయన ముందే అడిగాను.

“ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కాదక్కా” అన్నాడు మెకానిక్. “ఒక రకంలో లోపల అదే క్లచ్ ప్లేటు ఉంటాది. కాలికి బదులు మిషనే తొక్కుతాది. బరువుతో ఏటవాలు మీద నిలబెడితే వెనక్కి జారతాది, ప్లేటూ కాలతాది. ఇంకో రకంలో ప్లేటు చేసే పని ఆయిలు చేస్తాది. మీ పనికి అది తీసుకోండి. డీజిలు రవంత ఎక్కువ తాగతాది. గేర్‌బాక్సు ఆయిలు మాత్రం టైముకు మార్చల్ల.”

మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు. “మన మట్టి ఎక్కించి చూపించమను. ఖాళీ బండి ఎవరైనా నడుపుతారు.”

షోరూము మనిషి కుదరదన్నాడు. నేను కన్నడంలో ఓ గంట వాదించాక అతనే విసిగిపోయి సరేనన్నాడు. కొత్త బండి పాడవకుండా వెనక టార్పాలిన్ పరిచి, ఇరవై బస్తాలు ఎక్కించి, హెచ్‌ఎస్‌ఆర్‌లో మాకు తెలిసినవాళ్ళ బేస్‌మెంట్‌కు తీసుకుపోయాం. పైకి వచ్చేటప్పుడు సరిగ్గా ఏటవాలు మధ్యలో మా ఆయన బండి ఆపాడు. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కాడు. జానెడు కూడా వెనక్కి జారకుండా బండి ఎక్కింది. నమ్మలేక మళ్ళీ దించి, మళ్ళీ ఆపి చూశాడు. మూడోసారి నేను బండిని చూడలేదు, ఆయన ఎడమ కాలిని చూశాను. మ్యాటు మీద ఊరికే ఉంది. మొహంలో ఎప్పుడూ ఉండే పంటి బిగువు లేదు. అప్పటిదాకా దాన్ని నేను ట్రాఫిక్ మీద కోపమనుకునేదాన్ని.

“ఇదే తీసుకుందాం” అన్నాడు మెల్లగా.

పూజ రోజు పరువు పోయింది. నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాం. పక్క సీట్లో పసుపు కుంకుమల పళ్ళెంతో నేను. బండి కదిలి నిమ్మకాయలు చితికాయో లేదో, గేరు మార్చాలని ఆయన ఎడమ కాలు అలవాటుగా దబ్బున క్లచ్ తొక్కింది. క్లచ్ ఏది? అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. బండి కొయ్యబారింది, పళ్ళెం నా ఒళ్ళో పడింది. గుడి ముందు వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

“కాలికి ఎట్ల చెప్పేది?” అన్నాడు, మోకాలు నిమురుకుంటూ.

మర్నాటి నుంచి ఎడమ చెప్పు విప్పి సీటు కింద పెట్టి నడిపాడు. వట్టి పాదానికి మ్యాటు తగిలితే, నీకిక్కడ పని లేదని గుర్తుంటుందట. నెల తిరిగేసరికి కాలు మాట విన్నది.

ఆ తర్వాత ఒకరోజు బెళ్ళందూరులో ఎప్పటిలాగే నేను దిగి లిఫ్టు వైపు నడిచాను. వెనక తలుపు చప్పుడైంది. ఆయన ఎడమ చెప్పు తొడుక్కుని, “ఉండు, నేనూ వస్తా” అన్నాడు.

లిఫ్టులో అడిగాను. “ఎన్నాళ్ళ నుంచి నొస్తా ఉండె?”

“నాలుగేండ్లాయె. దిగితే మళ్ళా ఎక్కలేననే దిగేవాణ్ణి కాదు.”

“నాకు చెప్పకూడదా?”

“చెప్తే బండి మానిపిస్తావని.”

నాలుగేళ్ళుగా మహారాజని ఎగతాళి చేసింది ఆ నొప్పినే. సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండో అంతస్తు వచ్చి తలుపు తెరుచుకుంది కాబట్టి తుడుచుకున్నాను.

ఆ ఇంటి బాల్కనీలో కాగితం పూల తీగ రెయిలింగ్ అంతా అల్లుకుని విరగబూసి ఉంది. ఆయన దాని ముందు ఆగిపోయాడు.

“ఇది మనదేనా?”

“మనదే. మూడేండ్ల కింద నువ్వు తెచ్చిందే.”

“ఇంత అయినాదా” అన్నాడు. ఇంటావిడ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. తన బండిలో తెచ్చిన కుండీలన్నీ ఒక్కొక్కటే చూస్తూ, రెండు కాళ్ళ మీదా బరువు వేసి అక్కడే నిలబడ్డాడు.