కూర్చుని చూడండి

మా పిన్నికి నోరు మూతపడదు. అలాంటి మనిషిని ఆర్ట్ గ్యాలరీవాళ్లు సంచులు దాచే గదిలో పడేశారు. వచ్చినవాళ్లు సంచి ఇచ్చి, టోకెను తీసుకుని చక్కాపోతారు. పక్కనే టికెట్ల కిటికీలో కూర్చునే నాకు, ఆవిడ గొడుగులతో కబుర్లాడటం వినిపించేది. నవ్వొచ్చేది, జాలీ వేసేది.

పాత సామాన్లతో పెట్టిన కొత్త ప్రదర్శనకి బడిపిల్లల్ని పిలుస్తున్నారనీ, వాళ్లకి అన్నీ చూపించే మనిషి కావాలనీ తెలియగానే పిన్ని గ్యాలరీ నడిపే మేడమ్‌ వెంట పడింది. మేడమ్ విసిగిపోయి, "ఒక్క స్కూలుకి చూపించండి. తేడా వచ్చిందో, మళ్లీ సంచుల గదికే" అంది.

ఇంట్లో సాధన మొదలైంది. పాడైన మిక్సీని స్టూలెక్కించి, బాబాయిని ఎదురుగా నిలబెట్టింది.

"ఇందులో మీకేం కనిపిస్తోంది?"

"రిపేరు."

"మనసుతో చూడండీ."

"మనసుతో చూసినా రిపేరేనే!"

ఆ రోజు రానే వచ్చింది. నీలం యూనిఫాంలో నాలుగో తరగతి పిల్లలు దిగారు. నేనూ కిటికీ మూసి వెనకాలే తిరిగాను. పిన్ని అదరగొట్టింది. చిక్కుపడ్డ తీగల ముద్దని చూసి ఒక పిల్ల "పొద్దున్న నా జుట్టు ఇలాగే ఉంది" అంటే, మురిసిపోయి అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

చివరి గదిలో ఒక పాత కుర్చీ ఉంది. ఎన్నో ఏళ్లుగా దానిమీద ఎవరూ కూర్చోలేదని తెలిసేలా, దానినిండా తెల్లటి పొడి జల్లారు. అదే అందులో కళ. పిల్లలు కాళ్లు ఈడుస్తున్నారు. పిన్నికి ప్రాణం ఉసూరుమంది.

"అలిసిపోయారా నాన్నా? ఇదిగో, ఈ కుర్చీని కూర్చుని చూడండి" అని, బాత్రూం ఎక్కడని అడుగుతున్న టీచరువైపు తిరిగింది. నేనూ తిరిగాను, బుద్ధిలేక.

పొద్దుట్నుంచీ ముట్టుకోవద్దనే మాటే విన్న పిల్లలు ఈ అదృష్టాన్ని వదులుకోలేదు. చక్కగా వరసకట్టి, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని చూశారు.

గుమ్మం దగ్గర మేడమ్ నవ్వుతూ వీడ్కోలు చెప్పింది. పిల్లలు బస్సువైపు తిరిగారు. నీలం యూనిఫాంల వెనక తెల్లటి పిర్రలు బారులు తీరాయి. మేడమ్ నవ్వు ఆగిపోయింది.

"కుర్చీలో ఎవరు కూర్చోమన్నారు?"

"ఈ ఆంటీయే. కూర్చుని చూడమంది. చూశాం, బాగుంది" అన్నాడొక బుడ్డోడు.

"కింద కూర్చుని చూడమన్నానండీ!" అంది పిన్ని.

"కింద అన్నారా?"

పిన్ని నోరు మూతపడింది. అలా చూడటం నాకదే మొదటిసారి.

"ఇంకోసారి పిల్లలతో మాట్లాడి చూడండి, చెప్తాను!" అని మేడమ్ విసురుగా వెళ్లిపోయింది.

కుర్చీకేం కాలేదు, జల్లెడతో మళ్లీ పొడి జల్లారు. పిన్నిని ఓదారుద్దామని సాయంత్రం వెళితే, ఆవిడ కూనిరాగం తీస్తూ చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఇంకోసారి మాట్లాడి చూడమంది కదే మేడమ్! ఎంత మంచి మనసో!"

నేనూ బాబాయీ మొహమొహాలు చూసుకున్నాం. అది బెదిరింపని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

తర్వాతి స్కూలు వచ్చేసరికి పిన్ని గుమ్మంలో సిద్ధం. మేడమ్ గుడ్లురిమింది.

"నేనేమన్నాను?"

"మాట్లాడి చూడమన్నారు."

"అంటే అర్థం అది కాదు!"

"కూర్చుని చూడండంటే కూర్చోవడమేనని మొన్న మీరే తేల్చారు కదండీ" అంది పిన్ని, అమాయకంగా. ఆ అమాయకత్వాన్ని బాబాయి ఈరోజుకీ నమ్ముతాడు. నేను నమ్మను.

మేడమ్ విసుక్కుని, "ఏడవండి. ఆ కుర్చీ దగ్గర మాత్రం నోరు విప్పొద్దు" అంది.

పిన్ని మాట నిలబెట్టుకుంది. కుర్చీ ముందు రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని నిలబడింది. దాన్ని చూసే పద్ధతి అదేననుకుని, పిల్లలంతా రెండు చేతులతో నోళ్లు మూసుకున్నారు. ముట్టుకోవడానికి ఒక్క చెయ్యీ ఖాళీగా లేదు.

తనిఖీకొచ్చిన మేడమ్ కూడా నోరు మూసుకుంది, నవ్వు బయటపడకుండా.