గాజు పిన్ని రాసిచ్చిన ప్లాన్లు

ఆ కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగే ఆవిడని పిల్లలంతా గాజు పిన్ని అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడేది కాదు. పందొమ్మిదేళ్లుగా అదే సింకు, అదే కిటికీ. బీకర్లు, పిపెట్లు, సన్నమెడ ఫ్లాస్కులు సబ్బునీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి వెలుతురుకి ఎత్తి చూసేది. తళతళలాడే గాజంటే ఆమెకి మరీ అనుమానం. లోపలి గోడ మీద నీళ్లు పొరలా జారిపోకుండా ఒక్క చుక్క నిలబడిందా, మళ్లీ తొట్టిలోకే.

మనుషుల దగ్గరా అంతే. "కుక్కరు కూసినా ఎందుకు కూసిందా అని అనుమానమే నీకు," అనేవాడు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్త.

చదువు పన్నెండుతో ఆగిపోయింది గానీ ఆమె చెవులు ఆగలేదు. సింకుకీ క్లాసు గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. ఏటా అవే పాఠాలు, అవే సందేహాలు, పరీక్షలయ్యాక అవే ఏడుపులు. ఏ పాఠం దేని మీద నిలబడుతుందో వినీ వినీ ఆమెకి పట్టుబడింది.

ఆ కాలేజీలో ఏ సెమిస్టరులో ఏ పేపరు చదవాలో పిల్లలే ఎంచుకుని, ప్లాను రాసుకుని, సలహాదారు మాస్టారితో సంతకం పెట్టించుకోవాలి. ఎనిమిదేళ్ల కిందట ఒకమ్మాయి సింకు పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మెటబాలిజం పేపరు రెండోసారి పోయిందట.

"ఆర్గానిక్ కెమిస్ట్రీ అయిందా నీకు?" అంది పిన్ని చేతులు తుడుచుకుంటూ.

"లేదు పిన్నీ. కష్టమని చివరికి తోసేశా."

"అదే నీ కొంప ముంచింది. అది రాకుండా ఇది ఎలా ఎక్కుతుందే?"

పాత రికార్డు పుస్తకంలో మిగిలిన కాగితం చింపి, రాబోయే సెమిస్టర్లకి ఏది ముందో ఏది వెనకో రాసిచ్చింది. ఆ పిల్ల గట్టెక్కింది. తర్వాత ఆ నోటా ఈ నోటా పాకి, ఏటా పదిమందైనా సింకు దగ్గరికి వచ్చేవారు. ఎవరికీ చెప్పొద్దని పిన్ని ఒట్టు పెట్టించుకునేది.

అలా ఎనిమిదేళ్లు గడిచాక సలహాదారుగా ఓ కొత్త మాస్టారు వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాడు. సంతకానికొచ్చిన ప్లాన్లలో పదకొండు అచ్చు ఒకేలా ఉన్నాయి. పైగా అన్నింట్లోనూ బుధవారం మధ్యాహ్నం ఖాళీ. ఎందుకని అడిగితే పిల్లలు నేలచూపులు చూశారు. అసలు సంగతేమిటంటే, బుధవారం జరిగే ప్రొటీన్ల ప్రాక్టికల్‌కి కావలసిన సెంట్రిఫ్యూజ్ మిషను పక్క డిపార్టుమెంటు వాళ్లది. వాళ్ల పనయ్యాకే ఇస్తారు కాబట్టి ఆ ప్రాక్టికల్ సాయంత్రం ఆరు దాకా సాగుతుంది. టైంటేబులులో మాత్రం రెండింటికే అయిపోయినట్టు ఉంటుంది. ల్యాబులో మసిలే మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియని ముచ్చట అది.

మాస్టారు ల్యాబు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు సింకు దగ్గర ఆగి, "బుధవారాలు మీరు ఎన్నింటికి వెళ్తారమ్మా?" అని అడిగాడు.

పిన్ని తలెత్తలేదు. "పనయ్యాక వెళ్తా సార్," అని బ్రష్షు గట్టిగా ఆడించింది. ఆయన అటు వెళ్లగానే ప్లాన్లు రాసే రికార్డు పుస్తకాన్ని పాడైపోయిన ఓవెన్‌లో దాచేసింది.

"ఎవడో చాడీలు మోశాడు," అంది ఆ సాయంత్రం ఇంట్లో. "స్టోరు గుమాస్తానే అయ్యుంటాడు. ఈ మధ్య వాడు ఊరికే నవ్వుతున్నాడు."

"నవ్వినా తప్పేనా వాడికి? నువ్వేం దొంగతనం చేశావని?" అన్నాడు భర్త.

"నాది కాని పనిలో వేలు పెట్టానుగా. అది చాలదూ?"

వారం తిరక్కుండానే మాస్టారు గదికి రమ్మని కబురొచ్చింది. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది గానీ టీ ముట్టలేదు. పందొమ్మిదేళ్లలో ఆ వరండాలో ఏ గదిలోనూ ఆమెని ఎవరూ కూర్చోమనలేదు. ఈయన ఊరికే అంటాడా?

"ఇక మీదట పిల్లలు ఎవరిష్టం వాళ్లు రాసుకోకుండా, అందరికీ ఒకటే ప్లాను పెడుతున్నాం. ఇదీ దాని చిత్తుప్రతి. ఒకసారి చూడండి," అని కాగితం ముందుకి జరిపాడు.

'వలేశాడు,' అనుకుంది పిన్ని. "నాకేం తెలుస్తుంది సార్, గిన్నెలు తోముకునేదాన్ని," అంది. కానీ కళ్లు ఊరుకుంటేనా! మెటబాలిజం రెండో సెమిస్టరులో ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మూడులో ఉంది. పళ్లు బిగబట్టి కాసేపు ఓర్చుకుంది. ఇక వల్ల కాలేదు.

"ఇదెవరు రాశారు సార్? సగం మంది పిల్లలు పరీక్ష తప్పుతారు!"

మాస్టారు పెన్ను తీశాడు. "ఎందుకని?"

"రాసుకుంటున్నారెందుకు?"

"మరిచిపోతానని. చెప్పండి, ఆ పదకొండు ప్లాన్లూ మీవేగా?"

ఆమె కాగితం వెనక్కి తోసేసింది. "ఉద్యోగం తీసేస్తారా?"

"తియ్యడానికైతే టీ ఎందుకు తెప్పిస్తానమ్మా? మీరు ఇదంతా ఎక్కడ చదివారు?"

"చదవలేదు సార్. విన్నాను."

ఆయన పెన్ను పక్కన పెట్టి తన చిక్కు చెప్పాడు. ఆర్గానిక్‌ని ముందుకి తేవాలని తనకీ ఉంది, కానీ మొదటి సంవత్సరం పిల్లలకి కెమిస్ట్రీ వాళ్లు ల్యాబు ఇవ్వలేమంటున్నారు, ఖాళీ లేదట.

"ఖాళీ లేకపోవడమేంటి? శుక్రవారం పొద్దుటంతా అది తాళమేసే ఉంటుంది. అక్కడ సామాను కడిగే ఆవిడ ఆ పూట నా దగ్గరే కూర్చుని లోకాభిరామాయణం చెబుతుంది." అన్నాక నాలుక కరుచుకుంది. "ఆవిడ పేరు మాత్రం ఎక్కడా రాయకండి సార్."

మాస్టారికీ అనుమానం తక్కువేం కాదు. వరసగా మూడు శుక్రవారాలు స్వయంగా వెళ్లి ఆ తాళం చూసొచ్చాడు. నాలుగో వారం మీటింగులో ఆ మాట ఎత్తితే కెమిస్ట్రీ వాళ్లకి ల్యాబు ఇవ్వక తప్పలేదు. ఆర్గానిక్ రెండో సెమిస్టరుకి వచ్చింది, మెటబాలిజం నాలుగుకి వెళ్లింది.

కొత్త ప్లాను నోటీసు బోర్డుకెక్కిన రోజు పిన్ని తడిచేత్తోనే వెళ్లి వరస వరసా వేలు పెట్టి చదివింది. స్టాటిస్టిక్స్ అయిదో సెమిస్టరులో కనబడింది. తిన్నగా మాస్టారి గదికి నడిచింది.

"ఇది మనం అనుకోలేదుగా సార్?"

"చెప్పే మనిషి సెలవులో ఉన్నారమ్మా. వచ్చే ఏడు ముందుకి జరుపుతాం."

"సెలవు కాగితం చూశారా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రెండేళ్లకి, కొత్త ప్లానుతో చేరిన మొదటి బ్యాచ్ మెటబాలిజం పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చిన పూట మాస్టారు గబగబా సింకు దగ్గరికి వచ్చి, "అంతకుముందు ఏడు పందొమ్మిది మంది పోయారమ్మా, ఈసారి అయిదుగురే!" అన్నాడు.

పిన్ని కుళాయి కట్టేసింది. లోపల పొంగు వచ్చింది గానీ పైకి తేలనివ్వలేదు.

"పేపరు తేలిగ్గా ఇచ్చుంటారు," అంది.

మర్నాడు ఆయన ప్రశ్నపత్రం తెచ్చిచ్చాడు. భోజనాల వేళంతా దాన్ని ముందు పెట్టుకుని, చెక్క గోడ అవతల విన్నవన్నీ గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో ప్రశ్నా చదివింది. తేలిగ్గా లేదు. మడిచి ఆయనకి తిరిగిచ్చి, "సరే, మరి ఆ అయిదుగురూ ఎవరు సార్? ఒకసారి నా దగ్గరికి పంపండి," అంది.